క్రెడిట్ కార్డుకి ప్రతినెలా మినిమమ్ కడుతూనే ఉన్నా, అయినా 25వ తేదీకే జేబు ఖాళీ. ఎక్కడ తప్పు చేస్తున్నా?

తెనాలి_కుర్రోడు | అక్టోబర్ 26, రాత్రి 11:48

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. వయసు 25, హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం, చేతికి 42,000 వస్తుంది. (ఆఫర్ లెటర్‌లో ఆరు లక్షల చిల్లర చూసి నెలకి యాభై వేలని ఊరంతా చెప్పేసుకున్నాం. అందులో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ కూడా కలిపేశారని మొదటి జీతం పడ్డాక గానీ తెలియలేదు.)

ఖర్చులు దాచకుండా చెప్తా. మాదాపూర్‌లో హాస్టల్ భోజనంతో కలిపి 10,500, ఇంటికి 12,000, బండి ఈఎంఐ 4,600, ఫోన్ ఈఎంఐ 3,200, మామయ్య కట్టించిన పాలసీకి 2,500, కార్డు మినిమమ్ 3,420. ఇవి పోగా మిగిలేది 5,780. పెట్రోలు, రీఛార్జి, టీలు, ఆదివారం బిర్యానీ అన్నీ అందులోనే సర్దాలి. సరిపోకపోతే మళ్లీ కార్డే గీకుతున్నా. కార్డు మీద మొత్తం 68,400 ఉంది. ఏడు నెలలుగా ఒక్కసారి కూడా ఆలస్యం చేయకుండా కడుతున్నా, అంకె మాత్రం కదలట్లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. చీటీ వేద్దామా, ఎస్‌ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేయడం) మొదలుపెడదామా, పర్సనల్ లోన్ తీసుకుందామా, ఏదో ఒకటి చెప్పండి.

కర్రీపాయింట్_కస్టమర్ | అక్టోబర్ 27, ఉదయం 7:15

బ్రో, హాస్టల్‌లో భోజనం ఉండగా నెలకి ఆర్డర్లు ఎన్ని పెడుతున్నావో యాప్‌లో ఒకసారి చూసుకో. నేను కిందటేడు చూసుకుని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. హాస్టల్ సాంబారు తినలేమన్నది ఒప్పుకుంటా, కానీ గదిలో చిన్న రైస్ కుక్కర్ పెట్టుకుని కింద కర్రీ పాయింట్‌లో ఒక పప్పు, ఒక వేపుడు తెచ్చుకుంటే యాప్‌లో పెట్టే దాంట్లో మూడో వంతు కూడా అవ్వదు. మా హాస్టల్‌లో కుక్కర్ పెట్టనివ్వరు, కరెంటు బిల్లని గొడవ, అందుకే నేను రూమ్ మారిపోయా.

రిటైర్డ్_క్యాషియర్ | అక్టోబర్ 27, ఉదయం 9:02

బాబూ, మీ లెక్కలో బిర్యానీలు వెతకడం తర్వాత చూద్దాం. ముందు ఆ కార్డు సంగతి. మీది తెనాలి వైపు కాబట్టి మీకు అర్థమయ్యే భాషలో చెప్తాను. మన దగ్గర వడ్డీ అంటే నూటికి నెలకి ఎన్ని రూపాయలు అనే కదా అడుగుతాం. రూపాయి వడ్డీ, రూపాయిన్నర, రెండు రూపాయలు. మూడు రూపాయలంటే మొహం అదోలా పెడతాం. మీ స్టేట్‌మెంట్ కింద చిన్న అక్షరాల్లో నెలకి మూడున్నర శాతమో, ఆ దరిదాపుల్లోనో ఉంటుంది చూడండి. అంటే మూడున్నర రూపాయల వడ్డీ. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే నాలుగు రూపాయల పదమూడు పైసలు.

68,400కి నెలకి వడ్డీ 2,394, జీఎస్టీ 431, మొత్తం 2,825. మీరు కట్టే 3,420లో ఇది పోగా అసలుకి జమయ్యేది 595 రూపాయలు. మీరు నెలలో మళ్లీ ఓ మూడు వేలు గీకుతున్నారు. అంకె ఎలా కదులుతుంది? పైగా పాత బాకీ నిల్వ ఉన్నంత కాలం కొత్తగా కొన్నవాటికి ఆ నలభై, యాభై రోజుల గడువు కూడా ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ. మినిమమ్ కడితే ఆలస్య రుసుము పడదు, సిబిల్‌లో (అప్పుల రికార్డులో) ఎగవేతగా రాదు. అంతకుమించి దానివల్ల మీకొచ్చేదేం లేదు.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. మీ పేరు మీద ఎక్కడైనా డబ్బుందా? ఎఫ్‌డీ, బంగారం, ఏదైనా.

తెనాలి_కుర్రోడు | అక్టోబర్ 27, మధ్యాహ్నం 1:20

సార్, 595 చదివి లంచ్ సగంలో వదిలేశా. ఏడు నెలలుగా 3,420 అప్పు తీరుస్తున్నా అనుకున్నా.

ఎఫ్‌డీ ఒకటుంది. లక్ష రూపాయలు, 6.8 శాతం. నాన్న చీటీ ఎత్తి నా పేరు మీద వేశారు, చెల్లి పెళ్లికి. దాని జోలికి వెళ్లకూడదని గట్టిగా చెప్పారు, అందుకే లెక్కలో చెప్పలేదు.

బాకీలక్క | అక్టోబర్ 27, మధ్యాహ్నం 1:34

దేవుడా. తమ్ముడూ, ఒక చేత్తో బ్యాంకుకి అర్ధరూపాయి పైచిలుకు వడ్డీకి లక్ష ఇచ్చి, ఇంకో చేత్తో నాలుగు రూపాయల వడ్డీకి అరవై ఎనిమిది వేలు తెచ్చుకున్నావు. ఇద్దరూ బ్యాంకులే, మధ్యలో నువ్వు.

తిట్టడానికి కాదు, నేనూ ఇదే చేశా. బంగారం కదిలించకూడదని అమ్మ మాట, అందుకని గాజులు లాకర్‌లో పెట్టి పర్సనల్ లోన్ కట్టాను మూడేళ్లు. లాకర్ అద్దె కూడా నేనే కట్టా.

మాదాపూర్_మూడోఅంతస్తు | అక్టోబర్ 27, సాయంత్రం 6:10

ఇవన్నీ ఎందుకు బ్రో, ఓ పదివేలు పెట్టి షేర్ మార్కెట్లో ఆప్షన్స్ నేర్చుకో. మా రూమ్మేట్ ఒక్క గురువారం 14,000 లాగాడు. నెలలో కార్డు క్లియర్.

పుణెలో_పిల్లోడు | అక్టోబర్ 27, సాయంత్రం 6:41

మీ రూమ్మేట్ మిగతా వారాల సంగతి కూడా అడగండి. షేర్ మార్కెట్లని చూసే సెబీ 2024లో లెక్క తీసింది, మూడేళ్లలో ఎఫ్‌అండ్‌ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన మామూలు జనం కోటి మందికి పైగా, అందులో నూటికి 93 మంది నష్టపోయారు, మనిషికి సగటున రెండు లక్షలు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అప్పుతో ఆప్షన్సా? నేను పోగొట్టుకున్నది ఎంతో ఇక్కడ రాయను, ఇంట్లోవాళ్లు కూడా చదువుతారు.

రిటైర్డ్_క్యాషియర్ | అక్టోబర్ 27, రాత్రి 8:05

ఎఫ్‌డీ ఉందన్నారు కాబట్టి పని సులువు. దాన్ని బద్దలు కొట్టక్కర్లేదు, నాన్నగారి మాట పోదు. ఎఫ్‌డీ మీదే ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే దాన్ని హామీగా పెట్టుకుని ఇచ్చే అప్పు) ఇస్తారు, మామూలుగా 90 శాతం దాకా. వడ్డీ ఎఫ్‌డీ రేటు మీద ఒక శాతమో, రెండు శాతమో ఎక్కువ. మీ బ్యాంకు 7.8కి ఇచ్చిందనుకుందాం, అంటే అరవై ఐదు పైసల వడ్డీ. 68,400కి మొదటి నెల 445 రూపాయలు. ఇప్పుడు కడుతున్నది 2,825. ఎఫ్‌డీకి దాని వడ్డీ అది వస్తూనే ఉంటుంది. చాలా బ్యాంకుల్లో యాప్‌లోనే అయిపోతుంది, ఈ పని కోసం కౌంటర్‌కొచ్చి సంతకాలు పెట్టే రోజులు పోయాయి.

జాగ్రత్త ఒక్కటే. కార్డు ఖాళీ అయ్యాక మళ్లీ గీకితే ఈ పథకమంతా వృథా, రెండు అప్పులవుతాయి. నా సర్వీసులో ఇలా సగం మందిని చూశాను. కార్డు తీసి ఊరికి పంపించేయండి.

మిర్చియార్డ్_మనిషి | అక్టోబర్ 27, రాత్రి 9:30

అందరూ చీటీని మర్చిపోయారు. మాది గుంటూరు, మా ఇంట్లో ఇల్లు, బండి, పెళ్లిళ్లు అన్నీ చీటీల మీదే జరిగాయి. తమ్ముడూ లక్ష చీటీ వెయ్యి, మొదటి నెలే పాడేసుకో, కార్డు కట్టేయ్.

పుణెలో_పిల్లోడు | అక్టోబర్ 27, రాత్రి 10:12

అన్నా, లెక్క వేద్దాం, కోప్పడొద్దు. లక్ష చీటీ, 20 మంది, 20 నెలలు, నెలకి 5,000. మొదటి నెల అవసరం ఉన్నవాళ్లు పోటీ పడి 30,000 తగ్గించి పాడారనుకో, చేతికి 70,000. ఆ ముప్పైలో ఐదు వేలు కంపెనీ కమీషన్, మిగతా పాతిక వేలు ఇరవై మందికి పంచితే తలా 1,250. అంటే ఆ నెల కట్టేది 3,750. నెలలు గడిచేకొద్దీ పాట తగ్గుతుంది, డివిడెండూ (ఇలా తలా వచ్చే వాటా) తగ్గుతుంది. మొత్తం మీద ఒక్కొక్కరు 88 వేలు అటూఇటూగా కడతారు. మొదటి నెల ఎత్తినవాడికి 70 వేలు ముట్టి, 88 వేలు కట్టినట్టు. వాయిదాలు విడదీసి లెక్కేస్తే అది దాదాపు రెండున్నర రూపాయల వడ్డీ. కార్డు కంటే నయమే, ఓడీ ముందు మాత్రం నిలబడదు.

అదే చివరిదాకా ఆగి ఎత్తుకుంటే 95 వేలు వస్తుంది, నెలకి ఎనభై పైసల దాకా పడుతుంది. బ్యాంకు కంటే మెరుగే. అవసరం లేనివాడికి చీటీ మంచిదే, అవసరం ఉన్నవాడే అందరికీ వడ్డీ కడతాడు.

మిర్చియార్డ్_మనిషి | అక్టోబర్ 27, రాత్రి 10:40

లెక్క సరే. కానీ మావాళ్లలో ఎంతమంది చీటీ లేకపోతే ఆ 88 వేలు కూడబెట్టేవాళ్లు చెప్పు? ఐదో తేదీకి చీటీ కట్టకపోతే పరువు పోతుందనే భయం ఏ ఎస్‌ఐపీకీ లేదు, అది యాప్‌లో ఒక్క నొక్కుతో ఆపేస్తారు. అయినా ఒప్పుకుంటా, ఈ కుర్రాడికి ఓడీనే కరెక్ట్.

ఖమ్మం_టీచరమ్మ | అక్టోబర్ 28, ఉదయం 6:20

చీటీ వేసేవాళ్లు ఒక్క మాట వినండి. రిజిస్టర్ అయిన చీటీకి చిట్ రిజిస్ట్రార్ దగ్గర నంబరు ఉంటుంది, నడిపేవాళ్లు ముందుగానే అక్కడ సెక్యూరిటీ కట్టాలి. 1982 చట్టం అది. మా వీధిలో ఒకావిడ పన్నెండేళ్లు నోటి మాట మీద చీటీలు నడిపింది, అందరికీ పిన్నిగారే. ఒక రోజు పొద్దున ఇంటికి తాళం. నావి 1,60,000. కేసు పెడదామంటే నా చేతిలో ఉన్నది ఆమె నీలం ఇంకుతో టిక్కులు పెట్టిన చిన్న పుస్తకం.

తెనాలి_కుర్రోడు | అక్టోబర్ 28, రాత్రి 11:05

ఓడీ బ్యాంకు యాప్‌లో కనిపించింది, 7.8 శాతమే. కానీ నాన్నకి చెప్పకుండా చేయడానికి మనసొప్పట్లేదు, చెప్పడానికి ధైర్యం చాలట్లేదు. ఇంకో సంగతి, పాలసీ ఆపేయొచ్చా? కిందటేడు డిసెంబర్‌లో తీసుకున్నా. టాక్స్ మిగులుతుందని మామయ్య అన్నారు.

బాకీలక్క | అక్టోబర్ 28, రాత్రి 11:30

నీకు టాక్సే లేదు కదరా తమ్ముడూ మిగలడానికి. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో జీతగాళ్లకి 12,75,000 దాకా పన్ను పడదు, ఆ పద్ధతిలో 80సీ (బీమా ప్రీమియం లాంటివాటికి ఇచ్చే) మినహాయింపు అసలు వర్తించదు. నీకు మిగిలేది నెలకి 200 వృత్తిపన్ను, దాన్ని ఏ పాలసీ ఆపలేదు.

పుణెలో_పిల్లోడు | అక్టోబర్ 29, ఉదయం 8:45

ఏడాదికి 30,000, ఎన్నేళ్లు? చివర్లో ఎంతిస్తామన్నారు, పోతే ఎంతిస్తామన్నారు?

తెనాలి_కుర్రోడు | అక్టోబర్ 29, ఉదయం 9:10

ఇరవై ఏళ్లు. బోనస్‌లతో 11 లక్షల దాకా రావచ్చన్నారు. నాకేమైనా అయితే 6 లక్షలు.

పుణెలో_పిల్లోడు | అక్టోబర్ 29, ఉదయం 9:38

ఏడాదికి ఐదున్నర శాతం పడుతుంది. నూటికి నెలకి నలభై ఆరు పైసలు, అర్ధరూపాయి కూడా లేదు. అదే 30,000 పీపీఎఫ్‌లో (ప్రభుత్వ పొదుపు ఖాతాలో) ఇప్పటి 7.1 శాతానికి ఇరవై ఏళ్లు (పదిహేను, ఆపైన ఐదేళ్ల పొడిగింపు) వేస్తే 13 లక్షలు దాటుతుంది. ఇక ఆరు లక్షల బీమా అంటే మీ ఇంటికి ఏడాది జీతం. నేను తీసుకున్న టర్మ్ పాలసీ (పోతేనే డబ్బొచ్చే బీమా) కోటికి, ఏడాదికి పదకొండు వేల లోపే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా తీసేశారు.

మిర్చియార్డ్_మనిషి | అక్టోబర్ 29, ఉదయం 10:15

మా నాన్న పాతికేళ్లు అలాంటి పాలసీ కట్టి, ఆ డబ్బుతోనే ఇంటికి స్లాబ్ వేశాడు. పీపీఎఫ్ అనే మాట ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా పోస్టాఫీసుకి ఎవరు వెళ్లేవాళ్లు, ఏజెంట్ అయితే ఇంటికొచ్చి కాఫీ తాగి తీసుకెళ్లేవాడు. అన్నిటినీ పైసల్లో కొలిస్తే ఎట్లా?

రిటైర్డ్_క్యాషియర్ | అక్టోబర్ 29, మధ్యాహ్నం 12:30

ఆయన అన్నదాంట్లో నిజముంది. కానీ మీ నాన్నగారికి నాలుగు రూపాయల వడ్డీ బాకీ లేదు, ఈ అబ్బాయికి ఉంది.

బాబూ, డిసెంబర్ దాకా ఆగండి. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రూల్ ప్రకారం మొదటి ఏడాది ప్రీమియం మొత్తం కట్టి, పాలసీకి ఏడాది నిండితే సరెండర్‌కి (మధ్యలో ఆపేసి వెనక్కి ఇచ్చేస్తే) ఎంతో కొంత వస్తుంది. ఇప్పుడే ఆపితే అదీ రాదు. ఇంకా రెండు నెలలే కదా. ఎంత వస్తుందో బ్రాంచ్‌లో రాయించుకుని అప్పుడు తేల్చుకోండి. మామయ్యగారితో గొడవ పడకండి, జీతం సరిపోవడం లేదని చెప్పండి, అది నిజమే కదా.

శ్రీకాకుళం_సిరి | అక్టోబర్ 29, సాయంత్రం 7:50

ఇంటికి పంపే 12,000 గురించి ఒక్కరూ మాట్లాడలేదు, మగాళ్లందరికీ అది ముట్టుకోకూడని అంకె అనుకుంటా. నేనూ పంపుతా. మొదట్లో 15,000 పంపి, నేను మాత్రం నెలాఖరుకి బ్రెడ్ తినేదాన్ని. అమ్మకి తెలిసి ఏడ్చింది, నీ బ్రెడ్ డబ్బులు మాకెందుకే అని. మీవాళ్లకి నిజంగా ఎంత కావాలో ఒకసారి అడగండి. అడగడం అవమానమేం కాదు.

నేను మిగిల్చింది ఇంకొకటుంది, సిటీ బస్సు. ఆడవాళ్లం కదా, మాకు జీరో టికెట్ (ఉచితం) కాబట్టి కొండాపూర్ నుంచి ఆఫీసుకి పైసా ఖర్చు లేదు, నిలబడి వెళ్లాలంతే. అబ్బాయిలు ఏడవకండి, మీకు మెట్రో కార్డు ఉంది.

తెనాలి_కుర్రోడు | నవంబర్ 2, రాత్రి 10:20

ఊరెళ్లొచ్చా. నాన్న గేదెలకి గడ్డి వేస్తుంటే పక్కన నిలబడి చెప్పా. ఎంత అని అడగలేదు, ఎంత వడ్డీకి అని అడిగారు. నాలుగు రూపాయలన్నా. చేతిలో గడ్డి అలాగే పట్టుకుని, "మనూళ్లో ఎద్దు చచ్చినోడు కూడా అంతకి తేడురా" అన్నారు. క్రెడిట్ కార్డు అంటే బ్యాంకులో పని చేసేవాళ్లకిచ్చే గుర్తింపు కార్డు అనుకున్నారట ఇన్నాళ్లూ. ఓడీ అంటే అర్థం కాలేదు. ఎఫ్‌డీ అలాగే ఉంటుంది, దాని మీద అరవై ఐదు పైసలకి ఇస్తారని చెప్తే, మరి ఏడు నెలలు ఏం చేస్తున్నావు అన్నారు.

అక్కడే పడి ఉన్న మంచం మీద కూర్చుని ఓడీ తీశా, కార్డు మొత్తం కట్టేశా. కార్డు అమ్మ బీరువాలో ఉంది. ఇంటికి 10,000 చాలన్నారు.

మాదాపూర్_మూడోఅంతస్తు | నవంబర్ 2, రాత్రి 10:51

సూపర్ బ్రో. మా రూమ్మేట్ గురించి అడిగావు కదా పుణె అన్నా, అడిగా. ఏడాదికి మైనస్ 90 వేలంట. బంగారం తాకట్టు పెట్టి ఆడుతున్నాడు. ఇప్పుడు ఉద్యోగం మారుతున్నాడు, పీఎఫ్ తీసి అందులోనే పెడతానంటున్నాడు.

బాకీలక్క | నవంబర్ 3, ఉదయం 7:30

తీయొద్దని చెప్పు. కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేసుకోమను, యూఏఎన్ (పీఎఫ్ నంబరు) ఒకటే ఉంటుంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది. 8.25 శాతం ఇస్తున్నారు, మన పైసల్లో చెప్పాలంటే దాదాపు డెబ్బై పైసలు, అదీ నిద్రపోతూ. వినకపోతే వాళ్ల అమ్మగారి నంబరు తీసుకో.

తెనాలి_కుర్రోడు | మార్చి 29, రాత్రి 9:15

ఈ చర్చని మళ్లీ పైకి తెస్తున్నందుకు సారీ. లెక్క చెప్పాలి కదా. నవంబర్, డిసెంబర్ ఐదేసి వేలు, పాలసీ ఆపేశాక జనవరి నుంచి ఏడున్నర వేల చొప్పున కట్టా. ఓడీ 37,800 దగ్గర ఉంది. సరెండర్‌కి వచ్చింది ఎంతో చెప్తే నవ్వుతారు, వదిలేయండి. మామయ్య కొన్నాళ్లు మాట్లాడలేదు, సంక్రాంతికి అరిసెలు పంపారు కాబట్టి సర్దుకున్నట్టే. ఫోన్ ఈఎంఐ వచ్చే నెలతో అయిపోతుంది. ఎస్‌ఐపీ ఇంకా మొదలుపెట్టలేదు, ఓడీ తీరాకే. మధ్యలో ఒకసారి బండి రిపేరుకి 6,000 అయింది, అప్పుడు మాత్రం బీరువా గుర్తొచ్చింది. స్నేహితుడి దగ్గర తీసుకుని రెండు నెలల్లో ఇచ్చేశా.

అసలు రాసింది వేరే దానికి. నాన్న మొన్న ఫోన్ చేసి, ఆ పైసల లెక్క నాకూ వెయ్యరా అన్నారు. మాకు రెండెకరాలు సొంతం. ఎరువుల కొట్లో ఏటా లక్ష దాకా బాకీ పెడతారు, పంట వచ్చాక రెండు రూపాయల వడ్డీతో కడతారు. ఇన్నేళ్లూ మా ఇంట్లో అది అప్పు కిందే లెక్క లేదు, ఖాతా అంటారంతే.

రిటైర్డ్_క్యాషియర్ | మార్చి 30, ఉదయం 8:40

సొంత పొలం, పాస్‌బుక్ ఉండి రెండు రూపాయలా! పంట రుణం తీసుకోమనండి. 7 శాతం వడ్డీ, ఏడాది లోపు సక్రమంగా కట్టేస్తే అందులో మూడు శాతం రాయితీ, అంటే 4 శాతం. మీ నాన్నగారికి ముప్పై మూడు పైసలని చెప్పండి. మూడు లక్షల దాకా ఇదే లెక్క. పట్టాదారు పాస్‌బుక్, ఆధార్ పట్టుకుని వాళ్ల ఊరికి కేటాయించిన బ్యాంకు బ్రాంచ్‌కి వెళ్లమనండి. పాత పంట రుణం ఏదైనా కట్టకుండా వదిలేసి ఉంటే ముందు అది తేల్చాలి, అడిగి చూడండి.

తెనాలి_కుర్రోడు | మార్చి 30, ఉదయం 9:05

ముప్పై మూడు పైసలు అంటే నమ్మట్లేదు సార్, మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఆదివారం నేనే వెళ్లి, సోమవారం బ్యాంకుకి తీసుకెళ్తా. పాస్‌బుక్ ఎక్కడుందని అమ్మని అడిగితే, బీరువాలో నా కార్డు కిందే ఉందట.